క్లీనర్ వైపు చక్రం

బొబ్బిలి సంత సద్దుమణిగింది. తట్టలు ఎత్తించే పని గున్నమ్మకి వదిలేసి ఝాన్సీ బండి వెనక్కి వెళ్లి, క్లీనర్ వైపు చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది. చెయ్యి లోపలికి దూర్చి రిమ్ము అంచు వెంబడి వేలితో తుడిచింది. వేలు తడిగా వచ్చింది. వాసన చూసింది. వెనక యాక్సిల్‌లో పోసే క్రౌన్ ఆయిలే, అనుమానం లేదు.

“మళ్లీనేటి?” అంది గున్నమ్మ.

“మళ్లీనే పిన్నీ.”

“ఇన్ని ఎండు నెత్తళ్ల మధ్యన ఆ ఆయిలు కంపు నీకెలాగ తెలుస్తాదే తల్లీ! నాకు మా ఇంటాయన తాగొచ్చినా వాసన తెలవదు.”

ఇంకో రోజైతే ఝాన్సీ నవ్వేది. ఇప్పుడు చీర మీద తొడుక్కున్న మగచొక్కా అంచుకి వేలు తుడుచుకుని లేచింది.

ఆ బండి ఒకప్పుడు బడిపిల్లల మినీబస్సు. నీలం రంగు గీసుకుపోయిన చోటల్లా కింద పసుపు కనిపిస్తుంది. సీట్లు పీకేసిన ముందు భాగంలో పడుకోవడానికి రెండు చెక్కబల్లలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల క్యాను, ఒక అద్దం, బట్టలారేసుకునే తాడు. చెక్క అడ్డు వెనకాల నెత్తళ్లు, సావడాల్లాంటి ఎండుచేపలు, రొయ్యపొట్టు బస్తాలు. వారంలో సగం రోజులు ఝాన్సీ, గున్నమ్మ అందులోనే వండుకుని అందులోనే పడుకుంటూ సంతల వెంట తిరుగుతారు. ఊళ్లో దాన్ని బస్సిల్లు అంటారు. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు. ఇప్పుడు, మా బస్తా కూడా వేసుకెళ్లవే అని బతిమాలేవాళ్లూ ఆ మాటే అంటున్నారు.

ఫోను మోగింది. హరిబాబు. ఝాన్సీ మొగుడు భాస్కరుకి అన్న. బండి కాగితాలు అతని పేరునే ఉన్నాయి.

“కారిందా?” అన్నాడు, పలకరింపులేవీ లేకుండా.

అబద్ధం ఆడదామా అని ఒక్క క్షణం అనుకుంది. నోరు రాలేదు. “కారింది బావా.”

“అయితే ఇంక నా మాటిను. టెక్కలి నుంచి ఆదివారం మనిషొస్తన్నాడు. బేరం కుదిరితే తోలుకెళ్లిపోతాడు. టిఫిను కొట్టు పెట్టుకుంటాడంట.”

“బావా, రవ్వంత చెమ్మ. బొట్టు కూడా కింద పడట్లేదు.”

“ఇయాల రవ్వంత. బ్రేకులోకి దిగితే సాలూరు ఘాట్‌లో ఏటవుద్దో నీకు నేను సెప్పాలా? భాస్కరు గుజరాత్‌లో, వేరావల్లో బోటు మీదున్నాడు. నీకేటన్నా అయితే ఆడికి నేనేటి సమాధానం సెప్పాల?”

హరిబాబు చెడ్డవాడైతే బాగుండేది. ఎదురు తిట్టి ఫోను పెట్టేసేది. అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు, అదే కష్టం. బండి పోతే మాత్రం ఝాన్సీ మళ్లీ ఒడ్డు మీద ఎవరి కల్లంలోనో చేపలు తిరగేసే కూలికి పోవాలి. ఇసకలో వంగిన నడుము వంగినట్టే ఉండాలి. ఆ పనికి తిరిగి వెళ్లకూడదని ఆమె ఎప్పుడో ఒట్టు పెట్టుకుంది.

“ఆదివారం నాటికి కారడం ఆపేస్తాను. ఆపేస్తే అమ్మవు కదా?”

“ఆగితే నేనెందుకమ్ముతాను?” అన్నాడు హరిబాబు. “ఆగదే బాబూ. రెండుసార్లు ఆగిందనే అన్నావు.”

*

మర్నాడు పొద్దున్నే బండి నరసన్నపేట హైవే పక్కన ధనరాజు షెడ్డు ముందు ఆగింది. ధనరాజు మెకానిక్కు. చక్రం దగ్గర ఆయిలు బైటికి రాకుండా ఆపే రబ్బరు సీలు రెండుసార్లు మార్చింది అతనే. షెడ్డులో అప్పటికే ఇద్దరు లారీ డ్రైవర్లు టీ తాగుతున్నారు. ఒక ట్రాక్టరాయన తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు.

ఝాన్సీ దిగుతూనే అందుకుంది. సంతలో ఈ చివర నుంచి ఆ చివరకి వినిపించే గొంతు ఆమెది. “ధనరాజన్నా! నీకు సీలెయ్యడం వచ్చా, రాదా? రెండుసార్లు మార్చేవు, రెండుసార్లూ కారింది. డూప్లికేట్ సరుకేస్తన్నావేటి?”

డ్రైవర్లు టీ గ్లాసులు దించారు. ట్రాక్టరాయన లేచి, పంచె దులుపుకుని, “మళ్లొస్తాలే ధనరాజూ, ఇయాల పనున్నాది” అంటూ ట్రాక్టరు స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. అతనికి పనేమీ లేదని అక్కడ అందరికీ తెలుసు. ధనరాజు ఆ ట్రాక్టరు మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత వెళ్లి జాకీ తెచ్చాడు.

ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాడు. బండి లేపి, నట్లు విప్పి, చక్రాన్ని దొర్లించి గోడకి చేరేశాడు. మధ్యలో బోల్టులు విప్పి యాక్సిల్ రాడ్డుని రెండు చేతులా పట్టుకుని మెల్లిగా బయటికి లాగాడు. మనిషి నడుం ఎత్తు రాడ్డు. దాన్ని గోనెసంచి మీద పడుకోబెట్టాడు. డ్రమ్ము ఊడదీసేసరికి లోపల నల్లటి తడి. బ్రేకు లైనర్ల అంచుకి అప్పుడే మరక పాకుతోంది. ఝాన్సీకి హరిబాబు మాట గుర్తొచ్చింది.

ధనరాజు పాత సీలు ఊడబెరికి, గుడ్డతో తుడిచి ఆమె అరచేతిలో పెట్టాడు. “సూడు. పెదవెక్కడన్నా తెగిందేమో నువ్వే సూడు.”

ఝాన్సీ ఆ రబ్బరు అంచు చుట్టూ గోటితో రాసి చూసింది. ఎక్కడా తెగలేదు, బిరుసెక్కలేదు. కొత్త సీలు ప్యాకెట్టు కూడా ఆమె చేతికే ఇచ్చి చింపించాడు. సీలు కూర్చునే చోటుని సన్నటి గరుకు నీటికాగితంతో మెరిసేదాకా రుద్దాడు. అంచుకి గ్రీజు రాశాడు. సీలు మీద చెక్క పెట్టి, ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు, చుట్టూ తిప్పుతూ కొట్టాడు. లైనర్లని పెట్రోలుతో కడిగి ఎండలో పెట్టాడు. ఝాన్సీ కళ్లార్పకుండా చూసింది. తప్పు పట్టడానికే చూసింది. దొరకలేదు.

అన్నీ బిగించాక అతను చేతులు కిరసనాయిలుతో రుద్దుకుంటూ మాట్లాడాడు. “కింద ఎక్కడ సెయ్యెట్టినా ఆ తారు జిగురే. మీ మావకి ఇంకేటి పనిలేదా?” గుడ్డతో తుడుచుకున్నాడు. “అక్కా, ఈసారి కారితే సీలుది కాదు. లోపల్నించి ఏదో ఆయిలుని బైటికి తోస్తన్నాది. అదేటో నాకు తెలీడం లేదు. తెలీదని సెప్పడానికి నాకు నామోషీ లేదు. గాని డూప్లికేటన్నావు సూడు...” ఆగిపోయాడు. “ఇంకోసారి కారితే ఇంకోడి దగ్గరకెల్లు. నా దగ్గరకి రాకు.”

డబ్బు తీసుకున్నాడు గానీ ఆమె మొహం చూడలేదు.

*

ఇంటికొచ్చేసరికి భాస్కరు తండ్రి, మావ ఎర్రన్న తారు డబ్బా వేడి చేసుకుని సిద్ధంగా ఉన్నాడు. కుడి భుజం పట్టేసి సముద్రం మానేసిన దగ్గర నుంచీ ఆయనకి ఉన్న పని అదొక్కటే. వేసవిలో వేట ఆపే రోజుల్లో ఊళ్లో అందరూ పడవలు ఒడ్డున బోర్లించి మందు పూసుకుంటారు. తారు, గుగ్గిలం, సొరచేప నూనె కలిపి కాచిన మందు. ఎర్రన్న పడవ అమ్ముడైపోయింది, చెయ్యి ఊరుకోలేదు. మొన్న వేసవిలో బస్సిల్లు కిందికి దూరి ఈ చివర నుంచి ఆ చివరకి పూసేశాడు. ఉప్పుగాలికి ఒక్క రేకు తుప్పు పట్టలేదు. ఊళ్లో ఎవరైనా బండిని మెచ్చుకుంటే ఆయన గడ్డం గోక్కుంటూ పక్కకి తిరుగుతాడు.

“ఎక్కడ కారింది సెప్పు,” అన్నాడు. “ఇంకో పూతేస్తాను.”

“వద్దు మావా, ఇప్పుడే బాగుసేసేడు.”

“ఆడు సేసేది ఆడు సేస్తాడు. కారిందని తెలిసేక ఊరుకుంటారేటే? పడవైతే ఊరుకుంటామా?” అని మాట పూర్తి కాకుండానే వెల్లకిలా పడుకుని కిందికి జరిగిపోయాడు. బైటికి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. పడవ పాటేదో సన్నగా లాగుతున్నాడు. ఆయన అలా పాడి ఎన్నాళ్లయిందో. ఝాన్సీకి మరింక ఆపబుద్ధి కాలేదు.

బండి కింద ఒక అట్ట పరిచింది. రాత్రి గడిచింది, పగలు గడిచింది. అట్ట మీద చుక్క లేదు. రిమ్ము పొడిగా ఉంది. హమ్మయ్య అనుకోబోయి ఆగింది. క్రితం రెండుసార్లూ ఇంట్లో ఉన్నన్నాళ్లూ పొడిగానే ఉంది మరి.

శుక్రవారం గున్నమ్మ సరుకు రైలుకెక్కించాలి. బస్తాలు వేసుకుని ఇద్దరూ ఆమదాలవలస వెళ్లారు. స్టేషన్లో దించేసి తిరిగి వస్తూ, ఊరు దాటి చాలా దూరం వచ్చాక ఝాన్సీ బండి పక్కకి తీసి ఆపింది. దిగి, చెయ్యి పెట్టింది.

తడి.

ఝాన్సీకి ఒళ్లు మండిపోయింది. ఏడుపు కాదు, కోపం. ఎవరి మీదో తెలియని కోపం. డిక్కీలోంచి స్పానరు లాక్కుని, చక్రాలకి రాళ్లు పెట్టి, బండి కిందికి దూరింది. “అసలు లోపల ఆయిలుందో లేదో సూసి ఈ రోజు తేల్చేస్తాను” అని గొణుక్కుంటూ యాక్సిల్ మధ్యలో ఆయిలుండే క్రౌన్ డబ్బాకి ఉన్న బిరడా మీద స్పానరు వేసి తిప్పింది.

షెడ్డులో ఆ బిరడాని ఎప్పుడూ బండి చల్లారాకే విప్పుతారు. వేడి మీద చెయ్యి కాలుతుందని. ఇప్పుడు మొదటి చుట్టు తిరిగేసరికి బుస్సుమంది. రెండో చుట్టుకి వేడి ఆయిలు చిమ్మి మణికట్టు మీద పడింది. ఝాన్సీ చెయ్యి వెనక్కి లాక్కుని, మంట కూడా మరిచిపోయి వింటూ ఉండిపోయింది. లోపల ఇరుక్కున్న గాలి చాలాసేపు బైటికి పోయింది.

“పామేటే!” అని పైనుంచి గున్నమ్మ అరిచింది.

“కాదు పిన్నీ. ఫోనియ్యి.”

ధనరాజు ఎత్తడేమో అనుకుంది. ఎత్తాడు. “కారింది. నీ సీలుది కాదు,” అంది ఝాన్సీ ముందుగానే. “వేడి మీద బిరడా విప్పితే బుస్సుమని గాలొచ్చింది.”

“యాక్సిల్ మీద పైవైపు సెయ్యెట్టు అక్కా,” అన్నాడు ధనరాజు. “సిటికెనవేలంత టోపీ ఒకటుంటాది. బ్రీదరు. బండి నడుస్తంటే లోపల గాలి వేడెక్కి అక్కణ్ణించి పోవాల. అది మూసుకుపోతే గాలికి దారి లేక సీలుని తోసుకుంటా ఆయిలుతో పాటొస్తాది. దొరికిందా?”

ఝాన్సీ తడిమింది. టోపీ లేదు, బొడిపె లేదు. నున్నగా, మందంగా తారు. అప్పుడు గున్నమ్మ చేత చేపల కత్తి అందించుకుని, వేలితో ఒత్తుకుంటూ కాస్త మెత్తగా తగిలిన చోట గీకింది. పొరలు పొరలుగా వచ్చింది. అన్నిటికన్నా పైపొర నిన్న గాక మొన్న పూసింది. ఫోను లైటు దగ్గరగా పెట్టి చూస్తే అందులో బొటనవేలి ముద్ర స్పష్టంగా ఉంది. ముద్ర మీద అడ్డంగా ఒక గాటు. ఎప్పుడో వల తాడు కోసిన గాటు. పడవ పలకల సందులో మందు కూరి ఎలా అదుముతారో అలాగే అదిమిన ముద్ర అది.

అప్పుడు వచ్చింది ఏడుపు. బండి కారుతోందన్నప్పుడల్లా ఆ ముసలి వేలు కారే దారి వెతికి వెతికి, బండికి ఉన్న ఒక్క గాలి దారినే మూస్తూ వచ్చింది.

“సూసేను,” అంది ఫోనులో. “మా మావ మందు.”

ధనరాజు నిట్టూర్చాడు. “నేనూ సూడాల్సింది. ఆ జిగురుని తిట్టుకున్నాను గాని, అది మూసుకుపోయుంటాదని తట్టలేదు.”

టోపీ మొత్తం శుభ్రం చేసి, సూదితో బెజ్జం తెరిచి, బిరడా బిగించి బైటికొచ్చింది. విషయం విన్న గున్నమ్మ తల అడ్డంగా ఊపింది. “ముసలోడికి సెప్పకే. తీసేసేవు కదా, ఊరుకో. ఆ పనొక్కటీ పోతే ఆయన మంచమెక్కేస్తాడు.”

“సెప్పకపోతే మళ్లీ పూస్తాడు పిన్నీ. అదీ కాక, నేను షెడ్డులో అందరి ముందూ డూప్లికేటన్నాను. ఆ మాటెవరు తీస్తారు?”

*

ఎర్రన్న వాకిట్లో కూర్చుని డబ్బా అంచుకి అంటుకున్న మందుని పుల్లతో గీకుతున్నాడు. ఝాన్సీ ఎదురుగా కూర్చుంది. దార్లో ఎన్ని రకాలుగానో చెప్పుకుని చూసుకున్న మాటలన్నీ పోయాయి.

“మావా, బండి కారతన్నాది నీ మందు మూలాన.”

ఎర్రన్న పుల్ల ఆపాడు. ఝాన్సీ ఆగకుండా చెప్పేసింది. గాలి, వేడి, టోపీ, బెజ్జం. ఆయన అంతా విని, “బెజ్జం తెరిసి ఉంచాలా?” అన్నాడు.

“తెరిసుంచాల.”

“పడవకి బెజ్జం ఉంటే మునిగిపోద్ది.”

“ఇది పడవ కాదు మావా.”

ఆ మాట అన్నాక అనకుండా ఉంటే బాగుండేదనిపించింది. ఎర్రన్న డబ్బా మూత పెట్టి, దాన్ని తీసుకెళ్లి గోడ వారన బోర్లించేశాడు. సాయంత్రం అన్నం దగ్గర ఆయన బొటనవేలు ఆయనే తిప్పి తిప్పి చూసుకుంటుంటే ఝాన్సీ మొహం పక్కకి తిప్పుకుంది.

తెల్లారి ఆమె బండి తీసేసరికి ఎర్రన్న క్లీనర్ సీట్లో కూర్చుని ఉన్నాడు. ఉతికిన పంచె, భుజం మీద తువ్వాలు.

“ఎక్కడికి మావా?”

“నువ్వెక్కడికెల్తన్నావో అక్కడికే. తోలు.”

షెడ్డు దగ్గర ముగ్గురు నలుగురున్నారు. ఝాన్సీ అదృష్టమో ధనరాజు అదృష్టమో, ఆ ట్రాక్టరాయన టీ బడ్డీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఝాన్సీ నోరు తెరవకముందే ఎర్రన్న దిగి, నడుం మీద చెయ్యి వేసుకుని షెడ్డు మధ్యకి నడిచాడు.

“మందు పూసింది నేను,” అన్నాడు. “బండి గాలి దారి మూసేసింది నేను. ఈ కుర్రోడు రెండుసార్లు కాదు, మూడుసార్లూ పని సక్కగా సేసేడు.” అందరూ చూస్తున్నారు. ఆయన తన బొటనవేలు ఎత్తి చూపించాడు. “ఇదే.”

ఎవరో నవ్వబోయారు. ఝాన్సీ అందుకుంది, మొన్నటి గొంతుతోనే, ఇంకాస్త పెద్దగా. “నేను మొన్న ఇక్కడే నిలబడి డూప్లికేట్ సరుకన్నాను. తప్పు. సీలు మంచిదే, పని మంచిదే. తెలీక నోరు జారేను. ధనరాజన్నా, నన్ను నాలుగు తిట్టు, పడతాను.”

ధనరాజు చెవులు ఎర్రబడ్డాయి. “తిట్లెందుకులే అక్కా,” అని జాకీ కోసం అటూ ఇటూ చూశాడు. “తడిసిన లైనర్లు ఓసారి కడుగుదాం, ఇటు తే.” ట్రాక్టరాయన టీ తాగేసి, గ్లాసు కిందపెట్టి, “నాది తర్వాత సూడు ధనరాజూ” అన్నాడు. ధనరాజు అతన్ని చాలాసేపు కూర్చోబెట్టాడు. ఆ మాత్రం కక్ష అతనికీ ఉండాలి కదా.

*

ఆదివారం హరిబాబు, టెక్కలి మనిషి ఒకే బైకు మీద వచ్చారు. టెక్కలాయన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఝాన్సీ తాళాలు హరిబాబు చేతిలో పెట్టింది. “నువ్వే తోలు బావా. నేనెక్కను. ఎంత దూరం కావాలంటే అంత దూరం తోలు. గతుకులుంటే ఇంకా మంచిది.”

వాళ్లు వెళ్లి వచ్చేదాకా ఆమె గడపలో కూర్చుని కొబ్బరిపుల్లలు చీరింది. ఎన్ని చీపుళ్లకి సరిపోతాయో చూసుకోలేదు. బండి తిరిగొచ్చి ఆగింది. హరిబాబు దిగి, క్లీనర్ వైపు చక్రం దగ్గర కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టాడు. తీసి చూసుకున్నాడు. మళ్లీ పెట్టాడు. వాసన చూశాడు.

“పొడి,” అన్నాడు. నమ్మలేనట్టు తమ్ముడి పెళ్లాం వైపు చూశాడు.

ఝాన్సీ లేచి నిలబడింది. అయితే ఆమె కన్నా ముందు టెక్కలాయన ఉషారెక్కిపోయాడు. “కారతన్నాదంటే తక్కువకడిగేను. ఇంజను గుండ్రాయిలాగున్నాది. నేనన్న దానికి ఇంకా పైన ఏస్తాను బాబూ, ఇప్పుడే తోలుకెల్లిపోతాను.”

హరిబాబు గడ్డం రుద్దుకున్నాడు. ఆ రుద్దుకోవడం ఝాన్సీ చూసింది. బాగు చేసింది తనే, బేరం పెంచింది తనే.

“బావా,” అంది. “కారితే అమ్ముతానన్నావు. ఆగితే నేనెందుకమ్ముతాను అన్నావు. ఆగింది.”

“సూసుకుంటానోసారి కింద,” అంటూ టెక్కలాయన వంగాడు.

కింద నుంచి ఎర్రన్న గొంతు వచ్చింది. “ఇటు రాకు బాబూ. మందు తడి ఆరలేదు.”

ఎప్పుడు దూరాడో ఎవరూ చూడలేదు. బండి కింద నుంచి రెండు కాళ్లు బైటికొచ్చి ఉన్నాయి. టెక్కలాయన ఆ మాట వినేలోపే చెయ్యి పెట్టాడు, లేచేటప్పుడు అదే చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. తెల్లచొక్కా మీద ఐదు వేళ్లూ నల్లగా పడ్డాయి.

“హరీ,” అన్నాడు ఎర్రన్న కింద నుంచే. “మందారేదాకా బండి కదలకూడదు. ఆరేక కోడలు సంతకెల్తాది. అమ్మే బండికెవడన్నా మందు పూస్తాడేట్రా?”

హరిబాబుకి నవ్వాగలేదు. టెక్కలాయన భుజం మీద చెయ్యి వేసి బైకు దగ్గరికి నడిపించాడు. “మాటిచ్చేసేను మరి,” అన్నాడు. “ఇంటి పిల్లకి. రండి, ఆ చొక్కా సంగతి నేను సూస్తాను.” వెళ్తూ తాళాలు ఝాన్సీ వైపు విసిరాడు.

ఝాన్సీ వాటిని గాల్లోనే పట్టుకుంది. తర్వాత బండి పక్కన నేల మీద పడుకుని కిందికి చూసింది.

ఎర్రన్న కుడి చేత్తో కుంచె తిప్పుతున్నాడు. నొప్పి భుజానికి మోచెయ్యి పైకి లేవడం లేదు, అయినా తిప్పుతున్నాడు. యాక్సిల్ పొడుగునా నల్లగా, తడిగా మెరుస్తోంది. ఎడమ చెయ్యి మాత్రం కదలకుండా యాక్సిల్ మీద ఉంది. గాటున్న బొటనవేలితో బ్రీదరు టోపీని కప్పి పట్టుకున్నాడు. చుట్టూ పూత అయ్యాక వేలు మెల్లిగా తీశాడు. నల్లటి తారు మధ్యలో చిటికెనవేలంత ఇనప టోపీ శుభ్రంగా ఉంది.

“ఊపిరి తీస్తన్నాదా, సూడు,” అన్నాడు.

ఝాన్సీ చెయ్యి చాపి, దాని మీద వేలు ఆనించింది.

“తీస్తన్నాది మావా.”